బ్లియా అక్క దగ్గర దాచుకున్న ఊళ్ళు

మాలో ఎవరైనా పోతే కన్నీళ్ళకంటే ముందు ఊళ్ళు వెతుక్కుంటాం. పోయినవాడు చివరగా ఏ ఇంట్లో ఉన్నాడు, అంతకుముందు ఏ వీధి, అంతకుముందు ఏ దేశం, ఇలా వెనక్కి వెనక్కి, పుట్టిన ఊరిదాకా. దారి చెప్పే పెద్దమనిషి వచ్చి శవం పక్కన నిలబడి ఆ ఊళ్ళన్నీ వరసగా పాడతాడు. ప్రతి ఊళ్ళోనూ ఆపి, అక్కడ తాగిన నీళ్ళకీ కాల్చిన కట్టెలకీ దణ్ణం పెట్టించి, ముందుకు పంపిస్తాడు. ఆఖరున పుట్టిన ఇల్లు. మగపిల్లాడైతే నడిమి స్తంభం కింద, ఆడపిల్లయితే అమ్మ మంచం కింద, పుట్టిన రోజున పాతిపెట్టిన మావి ఉంటుంది. మనిషి మొదటి చొక్కా అదే. అది తొడుక్కుని వెళ్తే తప్ప తాతముత్తాతలు గడప తొక్కనివ్వరు. ఒక్క ఊరు తప్పు చెప్పామా, అంతే సంగతులు. పోయినవాడు రెంటికీ చెడ్డ రేవడిలా దారిలో నిలబడిపోతాడు, ఇంట్లో ఉన్నవాళ్ళని జబ్బులు పట్టుకుంటాయి.

నవ్వేవాళ్ళు నవ్వుకోండి. మా అల్లుడూ నవ్వుతాడు. మొన్న నడుం పట్టేసినప్పుడు మాత్రం, "అత్తయ్యా, ఎవర్నైనా పిలిచి చేతికి ఆ రక్ష దారం కట్టించండి" అని వాడే అడిగాడు.

బ్లియా అక్క మొగుడు ఏప్రిల్‌లో, ఒక మంగళవారం పొద్దున పోయాడు. ఆయన్ని, మేం శరణార్థులుగా వచ్చి చేరిన సెయింట్ పాల్‌లో అందరూ నావ్ చూ యాంగ్ అనేవాళ్ళు. ఊరి బయట కౌలు పొలాల్లో వాళ్ళ మడీ నా మడీ పక్కపక్కనే, ముప్పై ఏళ్ళుగా. శనివారం మార్కెట్లో బల్లలూ పక్కపక్కనే. ఆయన నోట్లోంచి రోజుకి పది మాటలొస్తే ఎక్కువ. అందులో ఆరు మిరపనారు గురించే.

చావు జరిపే హాలు మాకు ఓ పట్టాన దొరకదు. ఒక్కోసారి నెల పడుతుంది. ఎవరో తేదీ వదులుకుంటే శుక్రవారానికి దొరికింది. గురువారం వాళ్ళ వంటింట్లో నేను ఆవాకు తరుగుతున్నాను, అక్క పంది మాంసం కలుపుతోంది. కొడుకు ఫెంగ్ ఫోన్ పట్టుకుని వచ్చాడు. నలభై దాటినవాడు, బస్సు నడుపుతాడు, మంచివాడే కానీ అన్నీ కాగితాల్లో ఉంటాయనుకుంటాడు.

"అమ్మా, నాన్న ఊళ్ళు రాశాను, విను. ఈ ఇల్లు. అంతకుముందు రైలు పట్టాల పక్కన అద్దె ఇల్లు. అంతకుముందు ఫ్రెస్నో. అంతకుముందు థాయ్‌లాండ్ శరణార్థుల శిబిరం. అంతకుముందు నా లోంగ్, పుట్టింది కూడా అక్కడే. పాస్‌పోర్ట్ చూసి రాశాలే. సరిపోయిందా?"

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. కూర అడుగంటుతున్న వాసన వస్తున్నా కదల్లేదు.

"సరిపోయింది" అంది.

నేను చూశాను. ఆ మొహం మొగుడు పోయిన మనిషి మొహంలా లేదు. దొంగతనం బయటపడబోతున్న మనిషి మొహంలా ఉంది.

బ్లియా అక్క భయం నాకు కొత్త కాదు, అర్థం అయ్యేది కాదు అంతే. ఆవిడ ఎవరికీ భయపడే రకం కాదు మరి. మార్కెట్లో బేరమాడే ఆరడుగుల తెల్లాయన్ని కూడా, "నీ ఇంట్లో కొత్తిమీర మొలుస్తోందా? అయితే కోసుకో పో" అని మా భాషలోనే తిట్టి పంపేస్తుంది, ఆయనకి అర్థమయ్యేలా. అలాంటి మనిషి తలుపు గంట మోగితే బిగుసుకుపోతుంది. ఆఫీసు కవరు వస్తే చింపకుండా బియ్యం డబ్బా వెనక పెడుతుంది. వారం తర్వాత ఫెంగ్ దొరకబుచ్చుకుని చూస్తే అది కరెంటు బిల్లు.

ఇక పౌరసత్వం పరీక్ష సంగతి ఊరంతా నవ్వుకున్న సంగతి. అయిదుసార్లు వెళ్ళింది, అయిదుసార్లూ తప్పాననే చెప్పింది. ఫెంగ్ తల బాదుకునేవాడు. "అమ్మకి ఎన్ని పాఠాలు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే" అనేవాడు. నేనూ ఎగతాళి చేశాను, పాపం తగలకపోదు. ఆ పరీక్షలో ప్రశ్నలన్నీ ఆవిడకి నోటికొచ్చని నాకు ఆ శుక్రవారందాకా తెలీదు.

శుక్రవారం పొద్దున్నే హాలు నిండిపోయింది. పెట్టెలో నావ్ చూ, కాళ్ళకి జనపనార చెప్పులు. తల దగ్గర దారి చూపే కోడిపుంజు. ఒక పక్క డప్పు, వెదురు గొట్టాల వాద్యం పట్టుకున్న మనిషి. ఎదురుగా కర్రమీద నిలబెట్టిన ఫోన్, ఫ్రాన్స్‌లో చుట్టాలు చూడ్డానికి. పెద్ద కుర్చీలో వా చోంగ్ యాంగ్, పోయినవాడికి అన్న, తొంభైకి దగ్గరపడ్డవాడు. చుట్టూ యాంగ్ ఇంటిపేరు పెద్దలు. మాలో చావు ఇంటిపేరుది, ఒక్క ఇంటిది కాదు. వండేదీ, మోసేదీ, ఆవుని కోసేదీ ఆ ఇంటిపేరు వాళ్ళే.

దారి చెప్పే చోంగ్ నెంగ్ నా కంటే చిన్నవాడు, గొంతు మాత్రం వందేళ్ళది. ఫెంగ్ దగ్గర ఊళ్ళు విన్నాడు. చీల్చిన వెదురు చెక్కలు రెండు చేతిలోకి తీసుకున్నాడు. "నావ్ చూ, నీ రోజులు అయిపోయాయి. లేచి నాతో వస్తావా?" అని అడిగి నేలమీద వేశాడు.

అవి పడే తీరే పోయినవాడి జవాబు. పడాల్సిన తీరున పడలేదు.

మళ్ళీ వేశాడు. పడలేదు. ఇందులో వింతేం లేదు, పోయినవాళ్ళు కాస్త బెట్టు చేస్తారు. "సారా సరిపోలేదేమో" అన్నారెవరో, ఇంకో చుక్క పోశారు. పడలేదు. "ఆ బూట్లేంటి పెట్టెలో? ఇనుప మేకులుంటే పోయినవాడికి పడదు, తీసెయ్యండి" అన్నారు. తీశారు. పడలేదు. అయిదోసారికి గుసగుసలు మొదలయ్యాయి. పిల్లలు కూడా ఫోన్లు దించారు. ఆరోసారికి చోంగ్ నెంగ్ నుదుటిమీద చెమట పట్టింది.

"ఏదో తప్పుంది. ఇంటివాళ్ళు ఆలోచించుకోండి" అన్నాడు.

నేను వెనక వంటగదిలోకి పోయేసరికి అక్క అక్కడ ఉంది, బియ్యం బస్తా మీద కూర్చుని. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని లాగి, చెవిలో చెప్పింది. గబగబా, వరసలేకుండా.

పోయినాయన నావ్ చూ కాదు. యాంగ్ కాదు. ఆయన పేరు జా, ఇంటిపేరు లోర్. అసలు నావ్ చూ శిబిరంలోనే జ్వరంతో పోయాడు, ఈ దేశానికి పంపే బస్సు ఎక్కాల్సిన రోజుకి పదిరోజుల ముందు. వా చోంగ్ కుటుంబంలో తలలు లెక్కప్రకారం ఉండాలి, ఒకటి తగ్గితే మళ్ళీ వరసలో వెనక్కి, మళ్ళీ ఎన్నేళ్ళో. జా వైపు ఎవరూ మిగల్లేదు. యుద్ధం నుంచి పారిపోయి మెకాంగ్ నది దాటేటప్పుడు అందరూ పోయారు. వా చోంగే వచ్చి, "నా తమ్ముడి పేరు ఖాళీగా ఉంది. నువ్వు ఎక్కు, నీ పెళ్ళాన్నీ ఎక్కించుకో" అన్నాడట. ఈవిడ నావ్ చూ పెళ్ళాన్నని వేలిముద్ర వేసింది. నలభై అయిదేళ్ళు.

"పరీక్షకి వెళ్ళేదాన్నే కాదు యేర్. ప్రశ్నలన్నీ నోటికొచ్చు, అయినా బస్టాప్‌లో కూర్చుని వచ్చేసేదాన్ని. ఆ కాగితంలో అడుగుతారు, ఎప్పుడైనా అబద్ధం చెప్పి ఈ దేశంలోకి వచ్చావా అని. చెయ్యెత్తి ఒట్టు పెట్టమంటారు. పెడితే పాపం, పెట్టకపోతే పంపించేస్తారు. ఇప్పుడు చూడు. చోంగ్ నెంగ్ అసలు నావ్ చూని పిలుస్తున్నాడు. అతనికి శిబిరంలోనే దారి చెప్పేశారు. అతనెందుకు వస్తాడు? మా ఆయన ఆ పెట్టెలో పడుకుని, ఎవరినో పిలుస్తున్నారని ఊరుకున్నాడు."

"పుట్టిన ఊరు?"

"ఫు ఖావ్. నా లోంగ్ వేరే లోయలో ఉంది. ఆయన అక్కడ కాలు కూడా పెట్టలేదు."

నేనేమన్నానో చెప్తాను. చెప్పకూడదని ఉంది, అయినా చెప్తాను. "నోరు మూసుకో" అన్నాను.

"యేర్!"

"మూసుకోమంటున్నానా! రెండొందల మంది ఉన్నారక్కడ. ఫోన్‌లో ఎందరు చూస్తున్నారో దేవుడికెరుక. ఏ తప్పూ లేనివాళ్ళనే ఇమిగ్రేషన్ ఆఫీసుకి పిలిచి కూర్చోబెట్టి అటునుంచి అటే పంపించేస్తున్నారు. నీకు పౌరసత్వం కూడా లేదు. నిన్ను తీసుకుపోయి పుట్టిన దేశంలో దింపితే నీకక్కడ ఎవరున్నారు? ఫెంగ్ గతేంటి, వాడి కాగితాలూ తప్పే అంటే? పోయినవాడి కోసం ఉన్నవాళ్ళని గోతిలోకి తోస్తావా?"

ఆవిడ నా మొహంలోకే చూసింది, ఒక్క క్షణం, ఏదో లెక్క తేలినట్టు. తర్వాత లేచి నల్ల పావడా దులుపుకుని హాల్లోకి నడిచింది. నేను వెనకే పరిగెత్తాను.

చోంగ్ నెంగ్ ఎనిమిదోసారి వేసి చెక్కలు ఏరుకుంటున్నాడు. అక్క ముందు ఫోన్ దగ్గరికి పోయింది. తలకి చుట్టుకున్న నల్లగుడ్డ విప్పి దానిమీద కప్పింది. ఆవిడకి తెలిసిన జాగ్రత్త అంతే. ఆ తర్వాత పెట్టె దగ్గర మోకాళ్ళమీద కూర్చుంది.

"జా" అంది. ఎవరికీ వినపడలేదు. గొంతు సవరించుకుని, మార్కెట్ గొంతుతో అరిచింది. "జా లోర్! నేను, బ్లియాని. లే. ఎవరి పేరో పెట్టి పిలుస్తుంటే నువ్వు మాత్రం ఎలా పలుకుతావు? తప్పు నాది. నా లోంగ్ కాదు, మనం ఫు ఖావ్ పోవాలి. నువ్వు నేర్పిందంతా నాకు గుర్తుంది. లే అయ్యా, లే."

 హాల్లో ఒక్కసారిగా కందిరీగల తుట్టె కదిలినట్టయింది. యాంగ్ పెద్దల్లో షౌవా అని ఒకాయన ఉన్నాడు, పెద్దరికం చెలాయించడమంటే మహా ఇష్టం. లేచి నిలబడ్డాడు.

"లోరా? లోర్ ఇంటివాడికా మేం ఆవుని కోసింది?"

కుర్చీలోంచి ముసలి వా చోంగ్ చేతికర్ర నేలకేసి కొట్టాడు. "కూర్చోరా! ఆవు నాది. నా తమ్ముణ్ణి ఒకణ్ణి అక్కడ పాతిపెట్టాను, వీడు రెండోవాడు. ఎవడికైనా నొప్పిగా ఉంటే తిన్న కూర కక్కి పోండి."

ఎవరూ పోలేదు. ఫెంగ్ మాత్రం తల్లి పక్కన కూలబడ్డాడు. చేతిలో ఫోన్, అందులో ఆ ఊళ్ళ వరస ఇంకా వెలుగుతోంది.

"అమ్మా, మరి నేనెవర్ని?"

"మీ నాన్న కొడుకువి. ఆ అన్నం గిన్నె ఇటు పట్టు, ఆయన ఆకలితో ఉన్నాడు" అంది అక్క.

చోంగ్ నెంగ్ ఏ ప్రశ్నా వెయ్యలేదు, ఒక్కటి తప్ప. "పిన్నీ, ఫు ఖావ్‌లో వాగు పేరేంటి? దాటించాలి కదా."

అక్క చెప్పింది. వాగు, వాగు దాటాక రెండు పీచ్ చెట్లు, వెదురు గొట్టంలోంచి నీళ్ళు పడేచోటు, ఎడమ పక్క మూడో ఇల్లు, నడిమి స్తంభం. పొలంలో కలుపు తీస్తున్నప్పుడు ఆయన ఇవన్నీ ఆవిడ చేత వల్లె వేయించేవాడట. చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని, ఏళ్ళ తరబడి. రోజుకి పది మాటలే మాట్లాడతాడని నేను అనుకున్నాను.

చెక్కలు వేశాడు. పడాల్సిన తీరున పడ్డాయి. తొమ్మిదోసారికి ఎవరికైనా పడతాయని మా అల్లుడు అంటాడు. అననివ్వండి. నేను ఆ హాల్లో ఉన్నాను, వాడు లేడు.

దారి చెప్పడం అయింది, మూడోరోజు మట్టి చెయ్యడమూ అయింది. ఆ తర్వాత మొదలైంది అసలు నరకం.

రెండొందల మంది విన్నారు. రెండొందల నోళ్ళు. నోట్లో నువ్వుగింజ నానని వాళ్ళు మాలో తక్కువేం లేరు. అక్క తలుపు పక్కన ఒక సంచి సర్దిపెట్టుకుంది, రెండు జతల బట్టలు, మందులు, కాగితం పొట్లాల్లో విత్తనాలు. "విత్తనాలెందుకు?" అన్నాను. "పంపించేసినా తినాలి కదే" అంది. రోజూ పొద్దున లేవగానే ఇంకా ఇక్కడే ఉన్నావా అని నేను ఫోన్ చేసేదాన్ని. ఒకరోజు ఎత్తలేదు. నేను చెప్పుల్లేకుండా కారెక్కి పోయాను. తీరా చూస్తే దొడ్లో నారుమడికి నీళ్ళు పెడుతోంది. నాకు కోపం ఆగలేదు, ఆ నీళ్ళ గొట్టం లాక్కుని ఆవిడమీదే తిప్పాను. ఇద్దరం కూర్చుని ఏడ్చాం.

మే నెలలో మార్కెట్ తెరిచారు. రెండో శనివారం మా బల్లల ముందుకి షౌవా యాంగ్ వచ్చాడు. ఆవు గురించి అరిచిన పెద్దమనిషే. అక్క చెయ్యి కత్తిపీట మీద బిగుసుకుంది.  అయిపోయింది, ఆఫీసులో చెప్పి వచ్చాడు, ఆ సంగతి మొహానే చెప్పడానికొచ్చాడు అనుకున్నాను.

కొత్తిమీర కట్ట తీశాడు. వాసన చూశాడు. పెట్టేశాడు. మళ్ళీ తీశాడు. అటూ ఇటూ చూసి బల్లమీదికి వంగాడు.

"అక్కా, నీకు బాగా గుర్తుంటుందట కదా. మాది... కాగితాల్లో ఉన్న ఊరు కాదు. అందులో నాన్న అని రాసినాయన అసలు మా నాన్న కూడా కాదు, బాబాయి. నా పిల్లలకి తెలీదు. చెప్పే ధైర్యం లేదు. రేపు నేను పోతే వాళ్ళు పాస్‌పోర్ట్ చూసి చదువుతారు. నా అసలు ఊరు నువ్వొకచోట దాచి పెట్టుకుంటావా?"

అక్క ఆయన్ని కిందనుంచి మీదదాకా చూసింది. "కొత్తిమీర కొంటావా కొనవా?"

కొన్నాడు. చెవిలో చెప్పాడు. ఊరు, వాగు, ఇల్లు.

ఆ తర్వాత వారానికి ఒకరిద్దరు. అందరూ ఏదో ఒకటి కొనడానికే వస్తారు. పిల్లని తోడుగా తెచ్చుకుంటే పిల్లని పూల దగ్గరికి పంపిస్తారు. వయసు మార్చుకున్నవాడు, చెల్లెల్ని కూతురని రాయించినవాడు, చచ్చిన అక్క పేరుతో బతుకుతున్న ముసలమ్మ. నలభై అయిదేళ్ళుగా పక్కపక్కన కూర్చుని పెళ్ళిళ్ళలో భోంచేసినవాళ్ళం, ఒకరి భయం ఒకరికి తెలీదు. షౌవా ఆ రోజు హాల్లో అంతగా ఎందుకు ఎగిరాడో అప్పుడర్థమైంది నాకు.

అక్కకి రాయడం రాదు. రాయడం వచ్చినా రాయదు. ఆ ఊళ్ళన్నీ పొలంలో పెట్టుకుంది. ఒక్కొక్కరికి ఒక్కో వరస. మొదటి వరస ఆవాకు షౌవాది, రెండో వరస మిరప ఆ ముసలమ్మది, మూడో వరస దోసపాదు వయసు మార్చుకున్నవాడిది. కలుపు తీస్తూ ఒక్కో వరసకీ వచ్చి ఆ ఊరూ ఆ వాగూ అనుకుంటుంది. జూలైకి పదకొండు వరసలయ్యాయి. "నువ్వు ముందు పోతే?" అన్నాను. ఆ మాట నోరుజారి వచ్చింది. "అందుకే నువ్వు కూడా నేర్చుకో" అని నాకు అప్పగించింది. ఇప్పుడు రెండు మడుల్లోనూ అవే వరసలు. బండి ఏదైనా పొలం గట్టు దగ్గర ఆగితే ఇద్దరం కొడవళ్ళతో సహా లేచి నిలబడతాం. ఇంతవరకూ ఎవరూ రాలేదు. రేపు రారని ఎవరు చెప్పగలరు?

ఆగస్టులో ఒక రోజు చూశాను, ఆవిడ మడిలో పన్నెండో వరస ఖాళీగా ఉంది. మట్టి గుల్లచేసి, చక్కగా చదును చేసి ఉంది, గింజ పడలేదు.

"ఇందులో ఏం వెయ్యలేదేం?"

"నీకోసం ఉంచాను."

ఎండ నెత్తిమీద మండుతోంది.

"నోరు మూసుకో అని అంత గబుక్కున అన్నావే ఆ రోజు వంటగదిలో" అంది అక్క, తల ఎత్తకుండా కలుపు పీకుతూ. "సొంత భయం లేనివాళ్ళు అంత గబుక్కున అనరు. ఏప్రిల్ నుంచి చూస్తున్నాను ఎప్పుడు చెప్తావా అని. నీకంటే షౌవా నయం."

అప్పుడు చెప్పాను. మా ఆయనకి చెప్పలేదు, పిల్లలకి చెప్పలేదు. పుట్టిల్లని నేను చెప్పుకునే వాంగ్ వాళ్ళ పిల్లని కాదు నేను. శిబిరంలో వాళ్ళ పిల్ల యేర్ పోతే ఆ పేరు మీద నన్ను ఇచ్చారు. నాకప్పుడు ఆరేళ్ళు. మా అమ్మ నా జుట్టు దువ్వి, "అడిగితే యేర్ అని చెప్పు" అంది. బస్సు పక్కన కొంతదూరం నడిచింది. ఆవిడ పేరు అమ్మ అనే తెలుసు నాకు, ఇంకో పేరు తెలీదు.

"ఊరు?" అంది అక్క.

"తెలీదు. అదే కదక్కా నా బాధ. అందరూ వచ్చి చెప్పుకుంటున్నారు, నాకు చెప్పుకోడానికి కూడా లేదు. నేను పోయాక చోంగ్ నెంగ్ ఎంతదూరం తీసుకెళ్తాడు? శిబిరం దాకా తీసుకెళ్ళి వదిలేస్తాడు. అక్కడ ఇప్పుడు గడ్డి తప్ప ఏం లేదట." ఏడుపు ఆగలేదు నాకు, యాభై రెండేళ్ళదాన్ని, పొలం మధ్యలో నిలబడి.

అక్క చేతులు పావడాకి తుడుచుకుంది. "వాగు పేరు?"

వాగు పేరు తెలుసు నాకు. అమ్మ బట్టలుతకడానికి తీసుకెళ్ళేది. అందులో చెప్పు పోగొట్టుకుని దెబ్బలు తిన్నాను.

"నామ్ ఖే."

"ఇంకేం కావాలే పిచ్చిదానా? ఊళ్ళు కాలిపోతాయి, మనుషులు చెదిరిపోతారు, వాగు ఎక్కడికి పోతుంది? దాని ఒడ్డు పట్టుకుని ఎగువకి నడువు. ఎవరో ఒకరు నీళ్ళకి దిగుతారు. మా అమ్మ మంచం ఎక్కడ అని అడుగు."

పైజేబులోంచి గింజల పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. ఆవాలు. ఆ వరస మొదట్లో నన్ను కూర్చోబెట్టి, "సెయింట్ పాల్ నుంచి మొదలుపెట్టు, నేను వింటాను" అంది. నేను మొదలుపెట్టాను.